అరువు పుస్తకం

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో కిరాణా కొట్టు నడపాలంటే అరువు ఇవ్వక తప్పదు. ఇవ్వడంలో కాదు చిక్కు, రాయడంలో.

"సామాన్లు 340" అని ఒక్క ముక్కలో రాసిన పద్దు మీదే తగాదా వస్తుంది. తేదీ, సరుకు, తూకం, ధర విడివిడిగా ఉండాలి: కందిపప్పు కిలో, నూనె అరలీటరు, అలా. మనిషికో పేజీ. పేజీ నిండితే బాకీని కొత్త పేజీ మొదటి వరసలోకి దింపి, పాతదాన్ని అడ్డంగా కొట్టెయ్యాలి. దింపడం మరిచారా, ఆ బాకీ గోవిందా! పెన్సిల్ వద్దు. రాత్రి కొట్టు కట్టేటప్పుడు రాద్దాంలే అనుకుంటే, సంత రోజున సగం గుర్తుండదు.

నూటికి 10 మిగిలే సరుకు 500కి అరువిచ్చారనుకోండి. అది రాకపోతే పోయేది 450 రూపాయల అసలు. దాన్ని పూడ్చడానికి ఇంకో 4,500 రూపాయల సరుకు అమ్మాలి. అందుకే పాత బాకీలో సగమైనా కట్టాకే కొత్త అరువు.

గడువు పెట్టని అరువుకు సరుకిచ్చిన రోజు నుంచి 3 ఏళ్లలోపే దావా వెయ్యాలి. ఆలోగా బాకీ ఒప్పుకుంటూ సంతకం పెడితే అక్కణ్ణుంచి మళ్లీ 3 ఏళ్లు. ఏటా ఉగాదికి లెక్క చూపించి, పేజీ కిందే సంతకం తీసుకోవడం మేలు.

గిడుగు రామమూర్తి ఈ ఊళ్లో ఉంటూనే చుట్టుపక్కల గిరిజనుల సవర భాష నేర్చారు. కొట్లో కూర్చునేవాళ్లకి అంత పాండిత్యం అక్కర్లేదు గానీ, ఒడియాలో, సవరలో అంకెలు వస్తే చాలు. రాసిన పద్దు కొన్నవాళ్ల భాషలో అప్పటికప్పుడే చదివి వినిపించొచ్చు.