సూది పట్టినవాడికే సూదులు

మా కొట్టు విజయనగరం గంటస్తంభం దగ్గర. ముప్పై ఏళ్లుగా అక్కడే టైలరింగ్. కిందటేడాది దసరా ముందు, పండగ బట్టలు గుట్టలుగా పడి ఉన్న రోజుల్లో, ఎడమ పిక్క పట్టేయడం మొదలైంది. అదీ రోజూ ఒకే చోట. భోజనానికి ఇంటికని మూడు లాంతర్ల వైపు నడుస్తుంటే, సరిగ్గా ఒక రెడీమేడ్ షోరూం ముందుకొచ్చేసరికి ఎవరో పిక్కని గుప్పిట్లో పెట్టి పిండినట్టుండేది. రెండు నిమిషాలు నిలబడితే పోయేది. ఊరికే నిలబడటం నామోషీగా ఉండి, అద్దం వెనక బొమ్మకి తొడిగిన చొక్కా చూస్తున్నట్టు నటించేవాణ్ణి. టైలరు రెడీమేడ్ చొక్కా చూడటం ఇంకా నామోషీ అనుకోండి.

మెషిన్ తొక్కీ తొక్కీ వచ్చిన నొప్పే అనుకున్నాను. మా ఆవిడ నువ్వులనూనె రాసింది. మెషిన్‌కి మోటారు బిగించాను. కరెంటు బిల్లు పెరిగింది గానీ నొప్పి తగ్గలేదు. చలికాలానికి ఎడమ పాదం మంచులా చల్లబడేది.

డాక్టరు గారు చేతికి బీపీ చూసి, అదే పట్టీ చీలమండ పైన చుట్టి మళ్లీ చూశారు. కాలికి కూడా బీపీ చూస్తారని నాకప్పుడే తెలిసింది. చేతికి 150, కాలికి 96. కాలి లెక్కని చేతి లెక్కతో భాగిస్తే 0.64. అది 0.9 కంటే తగ్గితే కాలికి రక్తం సరిగ్గా అందట్లేదని అర్థమట. డాప్లర్ స్కానింగ్‌లో తొడ దగ్గర రక్తనాళం కొవ్వు పేరుకుని సన్నబడిందని తేలింది. "బీడీలు ఎన్నాళ్ల నుంచి?" అన్నారు. జేబులో కట్ట ఆయనకి కనబడుతూనే ఉంది. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కొవ్వు తగ్గడానికి అటోర్వాస్టాటిన్ రాసి, "నొప్పి వచ్చేదాకా నడవండి, ఆగండి, తగ్గాక మళ్లీ నడవండి. రోజూ అరగంట" అన్నారు. నొప్పికి వైద్యం కోసం వెళ్తే నొప్పి తెచ్చుకోమంటారేమిటని నాకు గురి కుదరలేదు.

బీడీ మానాలని ఇంట్లో చెప్తే, మా అమ్మ నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి, "మానీరా నాయినా" అంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చే మనిషి! ఏమంటాం.

ఆక్యుపంక్చర్ మాట ఎత్తింది శ్రీకాకుళంలో ఉండే మా బావ. "నీకు సూదంటే భయమేటి బావా, దాంతోనే బతికేస్తన్నావు కదా" అన్నాడు. మా ఊళ్లోనే చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు ఆనించి, పైపైన ఒకసారి, గట్టిగా నొక్కి ఒకసారి నాడి చూసింది. నాలుక చూపించమంది. పారేచోట నొప్పి ఉండదు, ఆగినచోటే నొప్పి అని చైనా వైద్యంలో అంటారట. తర్వాత నా డాప్లర్ రిపోర్టు తీసి చదివి, "మూసుకున్న నాళాన్ని నా సూది తెరవదు గురువుగారూ. నొప్పికి, నిద్రకి కాస్త సాయం చేస్తుందేమో చూద్దాం. మాత్రలు ఆపనంటేనే బల్ల మీద పడుకోండి" అంది. ఆ మాటతోనే ఆవిడ మీద గురి కుదిరింది.

నేను ముందు సూదినే చూశాను. మెషిన్‌కి నేను వాడే 14 నంబరు సూది మందం 0.9 మిల్లీమీటర్లు. ఇది 0.25. బెజ్జం లేదు, పట్టుకునే చోట సన్నతీగ చుట్టి ఉంది. సీలు చించి తీసింది, వాడాక పారేసింది. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, ఎముక పక్కన ఒకటి గుచ్చింది. చైనా వాళ్లు దాన్ని జూసాన్‌లీ అంటారట. చురుక్కుమనలేదు. లోపల బరువుగా, తిమ్మిరిగా ఏదో కిందికి లాగింది. "అదే రావాలి" అంది. ఎడమ పాదం జోలికి మాత్రం వెళ్లలేదు. రక్తం అందని చోట చిన్న పుండైనా మానదట. పక్క బల్ల మీద ఎవరికో ఎండిన ఆకు చుట్టి కాల్చి సెగ పెడుతుంటే, వినాయక చవితి పత్రి వాసన! అది మన మాచిపత్రి జాతి మొక్కేనట. సూదులతో కదలకుండా పడుకున్న ఇరవై నిమిషాల్లో కబుర్లు చెప్పేది. 1938లో మన దేశం నుంచి చైనా వెళ్లిన అయిదుగురు డాక్టర్లలో ఒకరైన బి.కె. బసు తర్వాతి రోజుల్లో అక్కడే ఈ విద్య నేర్చుకుని కలకత్తాకి తెచ్చారని ఆవిడ చెబితేనే తెలిసింది.

మధ్యలో ఒక తెలివితక్కువ పని చేశాను. తెలిసినాయన ఒకడు "చైనా మూలిక, రక్తం పల్చబరుస్తుంది" అని క్యాప్సూళ్లు అంటగట్టాడు. డబ్బా మీద డాన్‌షెన్ అని ఉంది. ఎవరికీ చెప్పకుండా మూడు వారాలు మింగాను. ఒకరోజు పెళ్లికొడుకు తెల్లచొక్కాకి గుండీలు కుడుతుంటే వేలికి సూది గుచ్చుకుంది. రోజూ ఉండేదే, వేలు నోట్లో పెట్టుకుంటే ఆగుతుంది. ఆ రోజు ఆగలేదు. గుడ్డ చుట్టాను, అదీ తడిసింది. చొక్కా కాలరు మీద రెండు చుక్కలు పడి, బట్ట నా డబ్బుతో కొనిచ్చి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. ఆ వారమే సూదులు గుచ్చిన చోట్ల నీలంగా కమిలింది. డాక్టరమ్మ ఆరా తీసి, నిజం చెప్పాక ఒక్క అరుపు అరిచింది. "క్లోపిడోగ్రెల్ వేసుకునేవారు ఆ వేరు మింగుతారా? వాళ్ల వైద్యంలో కూడా అది రక్తం కదిలించే మందే!" ఆ రోజు సూది పెట్టలేదు. నేరుగా మా డాక్టరు దగ్గరికి పంపింది. డబ్బా చెత్తబుట్టలోకి పోయింది.

ఆరు నెలలయ్యాక కాలి లెక్క మళ్లీ చూశారు. 0.67. అంతే, పెద్దగా పెరగలేదు. కానీ ఒక్క ఆగుడుతో కోట దాకా వెళ్తున్నాను. నడక వల్ల చుట్టుపక్కల చిన్న నాళాలు, కండ కూడా పనికి అలవాటుపడతాయని డాక్టరు గారన్నారు. మరి సూదులు? నాకు తోచింది చెప్తాను. డాక్టరమ్మ దగ్గరికి వారానికి రెండుసార్లు సాయంత్రం ఆరింటికి, రానూపోనూ నడిచే వెళ్లేవాణ్ణి. సరిగ్గా బీడీకి ప్రాణం లాగే వేళ అది. ఇరవై నిమిషాలు రెండు చేతులకీ సూదులుంటే బీడీ ఎలా ముట్టిస్తాం? ఇంటికొచ్చి కంటినిండా నిద్రపోయేవాణ్ణి. రక్తనాళానికి ఏం చేసిందో గానీ బీడీ మానడానికి మాత్రం పనికొచ్చింది.

మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందురోజు, కొట్లో కుర్రాడితో కలిసి నడుస్తూ ఆ షోరూం ముందు ఆగాను.

"మళ్లీ పట్టేసిందేటి మావయ్యా?" అన్నాడు కంగారుగా.

"కాదురా. ఆ కాలరు చూడు, ఎంత వంకరగా కుట్టాడో."