పహరా మారే వేళ

ఉద్యోగాలు మానేసి పడవలో కాపురం పెడుతున్నాం అంటే తెలిసినవాళ్లందరూ అడిగింది ఒకటే ప్రశ్న. "అంత ఇరుకులో పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎలా ఉంటారు?" నిజానికి మాకూ అదే టెన్షన్. తీరా సముద్రం దాటేటప్పుడు చూస్తే, పెళ్లయ్యాక మేమిద్దరం ఒకరికొకరం అంత తక్కువగా కనిపించిన రోజులు ఇంకెప్పుడూ లేవు. మా పడవ పొడవు 38 అడుగులు.

ఇల్లు ఖాళీ చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇన్నేళ్లు కూడబెట్టిన సామాను అమ్మగా, పంచగా, పారేయగా చెరో రెండు సంచులు మిగిలాయి. ఆ సంచులు కూడా అట్టపెట్టెల్లో వద్దన్నారు పక్క పడవవాళ్లు. అట్టల మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయట. అవి ఒక్కసారి పడవెక్కాయంటే ఇక పడవ వాటిదే, అద్దెకుండేది మనం.

మొదటి ఏడాది తీరం వదలకుండా తిరిగాం. లంగరు వేయడం నేర్చుకోవడానికే సగం ఏడాది పోయింది. లోతు ఎంత ఉంటే దానికి ఐదు నుంచి ఏడు రెట్ల గొలుసు వదలాలి, అది నేల మీద పడుకుని లంగరును అడ్డంగా లాగాలి. మేము మొదట్లో గొలుసు దగ్గర పిసినారితనం చేసి, తెల్లారేసరికి వేరే పడవ పక్కన తేలేవాళ్లం.

అసలు ప్రయాణం ఆఫ్రికాకు పడమటన ఉన్న కేప్ వెర్డె దీవుల్లోని మిండెలో అనే రేవు నుంచి. అక్కడి నుంచి కరీబియన్ దీవి బార్బడోస్‌కు దాదాపు 2,000 నాటికల్ మైళ్లు, మధ్యలో నేల అన్నది లేదు. డిసెంబరు మధ్యలో బయలుదేరాం. అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అది ముగిశాక ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు కుదురుకుంటాయి. ఆ గాలిని వీపున పెట్టుకుని పడమటికి పోవడమే. 1492లో కొలంబస్ కూడా ఈ గాలుల్నే నమ్ముకున్నాడు. సెప్టెంబరు 6న కానరీ దీవులు వదిలి అక్టోబరు 12న నేల చూశాడు. కాకపోతే ఆయనకు నిద్రపోయే వేళకు ఇంకొకరికి పని అప్పజెప్పేంత మంది జనం ఉన్నారు. మేమిద్దరమే.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు మా ఆయన పహరా, పదకొండు నుంచి రెండు వరకు నాది, రెండు నుంచి ఐదు ఆయనది, ఐదు నుంచి ఎనిమిది నాది. పగలు చెరో నాలుగు గంటలు. చుక్కాని పట్టుకుని కూర్చోనక్కర్లేదు, వెనక బిగించిన విండ్‌వేన్ గాలిని బట్టి పడవను దానంతటదే నడుపుతుంది. మన పని చూస్తూ ఉండటం. చిన్న పడవలో కూర్చుంటే కంటికి ఆనే దూరం మూడు మైళ్ల చిల్లర. సముద్రపు అంచు మీద తేలిన ఓడ ఇరవై నిమిషాల్లోపే మీద కొచ్చేయగలదు. పెద్ద ఓడలు దగ్గరకొస్తే గంట కొట్టే పరికరం ఉంది కానీ, దాన్ని నమ్మి కన్ను మూయడం నాకు చేతకాలేదు. వంటింటి టైమర్‌ను పన్నెండు నిమిషాలకు పెట్టుకుని, అది మోగినప్పుడల్లా లేచి చుట్టూ ఒకసారి చూసేదాన్ని.

అలా ఒకరు లేస్తే ఒకరు పడుకోవడం. నేను లోపలికి దిగేసరికి పక్క ఇంకా వెచ్చగా ఉండేది, మనిషి మాత్రం పైన ఉండేవారు. పడవ దొర్లుడుకు కింద పడకుండా మంచం పక్కన గుడ్డ బిగించి కట్టుకుని, అందులో మూటలా పడుకునేదాన్ని. మాట్లాడుకోవడానికి మిగిలింది పహరా మారేటప్పటి ఐదు నిమిషాలు, ఆ తర్వాత లాగ్‌బుక్.

లాగ్‌బుక్‌లో గంట గంటకూ వేగం, దిశ, గాలి, బారోమీటర్ రాయాలి. చివరి గడి 'విశేషాలు'. మొదటి రోజు అందులో మా ఆయన రాసింది: "బారోమీటర్ పడిపోతోంది. చూసుకో." గాలి పీడనం అలా పడిందంటే తుపాను వస్తోందేమోనని నేను గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. రాత్రికి అది మళ్లీ లేచింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి మళ్లీ పడింది. ఉష్ణమండలంలో రోజూ పది గంటల ప్రాంతంలో పెరగడం, నాలుగింటికి తగ్గడం దాని మామూలు అలవాటని తర్వాత తెలిసింది. మూడో రోజు నుంచి ఆ గడి కాస్త చనువుగా మారింది. "ఎగిరే చేప వచ్చి మెడ మీద కొట్టింది. లేపి చెప్దామనుకున్నా, నిద్ర పాడవుతుందని రాస్తున్నా." కింద నేను: "వాసన వస్తోంది. స్నానం చేయండి, ఉప్పు నీళ్లతోనే."

పడమటికి పోతుంటే గడియారాన్ని కూడా వెనక్కి తిప్పాలి. మిండెలోకూ బార్బడోస్‌కూ మూడు గంటల తేడా. పెరిగిన ఆ గంట ఎవరి పహరాలో కలవాలన్న దగ్గర మేం పడ్డ గొడవ ఒడ్డున డబ్బు గురించి కూడా పడలేదు. చివరికి ఒకటి ఆయనకు, ఒకటి నాకు, మూడోది చెరి సగం.

పదకొండో రాత్రి. పన్నెండూ నలభై. ముందు తెరచాపను పక్కకు చాచి పట్టే గడ చివర తాడు ఫట్‌మని తెగింది. పది రోజులుగా ఒకే చోట రాసుకుని అరిగిపోయింది, అంతే. చాప తుపాకులు పేలినట్టు కొట్టుకోవడం మొదలెట్టింది. లేపుదామా అనుకున్నాను. ఆయన పడుకుని రెండు గంటలు కూడా కాలేదు కదా, నేనే చాప చుట్టేద్దామని దాన్ని చుట్టే తాడు లాగాను. సగంలో బిగుసుకుంది. ముందుకెళ్లి చూద్దామని లైఫ్ జాకెట్‌ను పడవకు కట్టి ఉంచే కొక్కెం విప్పి, రెండో చోట తగిలించబోతుంటే వెనక ఆయన గొంతు. "ఆగు."

ఇద్దరం కలిసి చుట్టేశాం. ఆయన అరవలేదు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "నువ్వు పడిపోయి ఉంటే నేను రెండింటికి లేచేవాణ్ని. ఈ పడవ అప్పటికి ఏడు మైళ్లు వెళ్లిపోయి ఉండేది." మనిషి ఉన్నాడో లేడో విండ్‌వేన్‌కు అక్కర్లేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. నిద్ర పాడు చేయకూడదనుకోవడం ఆ క్షణంలో ప్రేమలాగే అనిపించింది. పొద్దున లాగ్‌బుక్ చూస్తే: "00.40. తాడు తెగింది. నన్ను లేపలేదు." దాని కింద ఏం రాయాలో తోచక, "ఇక లేపుతాను" అని రాశాను. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ తాడును బెత్తెడు జరిపేవాళ్లం, ఒకే చోట అరగకుండా.

పదహారో రోజు మధ్యాహ్నం నేల కనిపించింది. బార్బడోస్ చదునుగా ఉంటుంది, దగ్గరకొచ్చేదాకా కంటికి ఆనలేదు. వేరే దేశం నుంచి వచ్చామని తెలిపే పసుపు జెండా ఎగరేసి, బ్రిడ్జ్‌టౌన్ రేవులో కాగితాల పని ముగించుకుని, కార్లైల్ బేలో లంగరు వేశాం. ఈసారి గొలుసు దగ్గర పిసినారితనం లేదు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే లంగరు ఇసుకలో దిగడం పైనుంచే కనిపించింది.

ఎనిమిదింటికల్లా ఇద్దరం ఒకేసారి పడుకున్నాం, మంచానికి గుడ్డ కట్టుకోకుండా. మళ్లీ మెలకువ వచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. పైకి వెళ్లాను. మా ఆయన లైఫ్ జాకెట్ వేసుకుని, కొక్కెం తగిలించుకుని, కదలని పడవలో కూర్చుని ఉన్నారు.

"అప్పుడే లేచావేం," అన్నారు గడియారం చూసుకుని. "పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుంది."