ఏడో వరుస

నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. మా అబ్బాయి చిన్నోడికి కొత్త కంప్యూటర్ కొనే గొడవే. మధ్యాహ్నం షాపులో ఇచ్చిన రెండు కొటేషన్లు ఇప్పటికి పదిసార్లు చూసుంటాను. ఒకటి వాడు రాసుకెళ్లిన లిస్టు, ఇంకోటి షాపువాళ్లు ఇది తీసుకోండని చెప్పింది. రెండూ తొంభై వేలకు అటూ ఇటూ. పై వరుసల్లో తేడాలున్నాయి. ఏడో వరుస మాత్రం రెండింట్లోనూ అచ్చం ఒకటే. "ఎస్ఎంపిఎస్ 600 వాట్స్." అంతే. కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె అది. కంపెనీ పేరు లేదు, మోడల్ నంబరు లేదు, వారంటీ ఎన్నేళ్లో లేదు. 2,200 రూపాయలు.

వాడు రాసుకెళ్లిన కాగితంలో కంపెనీ, మోడల్, 80 ప్లస్ బ్రాంజ్ అనే కరెంటు పొదుపు ముద్ర, అన్నీ ఉన్నాయి. నేనే పక్కన కూర్చుని రాయించాను. కొటేషన్ అయి వచ్చేసరికి ఆ మాటలన్నీ మాయమైపోయాయి. దాని పైవరుసలో క్యాబినెట్ మాత్రం 6,800! ముందు అద్దం, పక్కన అద్దం, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఐదు.

వారం రోజులుగా ఇంట్లో ఏ లిస్టు తీసుకోవాలన్నదే చర్చ. వాడి లిస్టులో ప్రాసెసర్ రైజెన్ 5 7600, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 5060 గ్రాఫిక్స్ కార్డు, అంటే ఆటల బొమ్మలు గీసేది. కార్డుకు 8 జీబీ మెమరీ. షాపువాళ్ల లిస్టులో ప్రాసెసర్ రైజెన్ 5 5600, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, కార్డు మాత్రం 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ. ఒకదాంట్లో పునాది, అంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కొత్తది, కార్డు చిన్నది. రెండోదాంట్లో పునాది పాతది, కార్డు పెద్దది. రెండు ప్రాసెసర్లకూ ఆరేసి కోర్లే.

నేను మొదట్నుంచీ వాడి లిస్టు వైపే. నాన్న ఈ ఇంటికి పునాది తీసినప్పుడే పై అంతస్తుకు సరిపడా తీయించాడు. పైన వేసింది పన్నెండేళ్ల తర్వాత. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా దానికి చిప్పులు తెస్తామని రైజెన్ చేసే ఏఎండీ వాళ్లే చెప్పారు. 5600 కూర్చునే ఏఎం4 ఏమో 2016 నాటిది. తొంభై వేలు పోసి ఆఖరి మెట్టు మీద నిలబడడమెందుకన్నది నా వాదన. మా ఆయనేమో "వాడికి చదువుకోడానికా, ఆడుకోడానికా, ముందది తేల్చండి" అని పేపర్లోకి తల దూర్చేశాడు.

అయినా ఇదంతా కాదు నన్ను నిద్రపోనివ్వనిది. మధ్యాహ్నం రోహిణి కార్తె ఎండలో ట్రంకు రోడ్డు దాకా వెళ్లి ఆ షాపులో గంట నిలబడితే, ఆ అబ్బాయి ఒక్కసారి కూడా నా ముఖం చూసి జవాబు చెప్పలేదు. నేనడుగుతాను, వాడు చిన్నోడికి చెబుతాడు. "ఈ ఎస్ఎంపిఎస్ ఏ కంపెనీ బాబూ" అన్నాను. "అదంతా మేం చూసుకుంటాం అక్కా, టెన్షన్ పడొద్దు" అని మళ్లీ చిన్నోడి వైపు తిరిగి లైట్ల రంగులు రిమోట్‌తో మార్చి చూపిస్తున్నాడు. ఒకటి చూపించమన్నాను. లోపలికెళ్లి అట్టపెట్టె తెచ్చాడు. చేతిలో పెట్టుకుంటే టిఫిన్ క్యారియర్ ఖాళీ గిన్నెంత బరువు కూడా లేదు. పెట్టె మీద 600 అని పెద్ద అంకె. పక్కన అంటించిన కాగితంలో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో రాయాల్సిన తావు ఖాళీ. దాన్ని వేలితో చూపించాను. "అందరూ ఇదే తీసుకెళ్తారక్కా" అన్నాడు.

600 వాట్లు మాకు అక్కర్లేదసలు. ప్రాసెసర్ 65, కార్డు ఒకటైతే 145, ఇంకోటైతే 160. మిగతావన్నీ కలిపినా మూడొందలు దాటదు. కావాల్సింది పెద్ద అంకె కాదు, 12 వోల్టుల లైన్లో వోల్టేజి ఎగిరినప్పుడు, లోపలెక్కడైనా షార్టయినప్పుడు తనంతట తాను ఆగిపోయే గుణం. బ్రాంజ్ ముద్ర కూడా ఆ హామీ ఇవ్వదు, సగం లోడు మీద కనీసం 85 శాతం కరెంటు వృథా కాకుండా అందిస్తుందని మాత్రమే దానర్థం. అందుకే కంపెనీ, మోడల్ చూసి రాయించాను.

తిరిగొచ్చేటప్పుడు చిన్నోణ్ని అడిగాను, నువ్వు చూసుకోలేదా అని. "చూశానమ్మా. మూడు వేలు మిగిలితే ఆ క్యాబినెట్ వస్తుందని నేనే సరేనన్నా" అన్నాడు. బండి మీద వెనక కూర్చున్న నాకు చాలాసేపు మాట రాలేదు.

వాడికి తెలీదు కదా. చెప్పలేదు నేనెప్పుడూ.

2004లో నాన్న మా ఇంటి మొదటి కంప్యూటర్ తేవడానికి మద్రాసు వెళ్లాడు. నెల్లూరులో దొరికేవే, కానీ రిచీ స్ట్రీట్లో నాలుగు వేలు తగ్గుతుందని ఎవరో చెప్పారు. లిస్టు పాత ప్రశ్నాపత్రం వెనకవైపు రాసుకున్నాడు, గుండ్రటి బడిపంతులు అక్షరాల్లో. పెంటియం 4, మదర్‌బోర్డు, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్ డిస్క్, 17 అంగుళాల మానిటర్, క్యాబినెట్. ఆరే వరుసలు. అప్పట్లో ఎస్ఎంపిఎస్ క్యాబినెట్‌తో పాటే వచ్చేసేది, విడిగా కొనాలని ఎవరికీ తోచేది కాదు. తెల్లవారుజాము రైలుకు వెళ్లి రాత్రి రైలుకు దిగాడు. క్యాబినెట్ దుప్పట్లో మూట కట్టి సీటు కింద, ఆ గాజు మానిటర్ మాత్రం దారి పొడుగునా ఒళ్లోనే. గూడూరులో టీ కూడా తాగలేదట, దింపాల్సొస్తుందని. ఇంటికొచ్చాక రెండు మోకాళ్ల మీదా పెట్టె అంచులు ఎర్రగా అచ్చు పడున్నాయి. అమ్మ కొబ్బరినూనె రాసింది.

ఆ కంప్యూటర్ నాకోసమని అందరికీ చెప్పాడు గానీ ఎక్కువ వాడింది తనే. రిటైరయ్యాక మా వైపు మాటలన్నీ పోగేస్తూ కూర్చున్నాడు. గమ్మున, బో, ఎచ్చులు, అవ్వ నోట్లోంచి ఏది పడితే అది. పెన్నకు ఈ పక్క ఏమంటారు, ఆ పక్క ఏమంటారు, పడవల వాళ్లు ఏమంటారు, నారు పోసేవాళ్లు ఏమంటారు. అను తెలుగు ఫాంట్లలో ఒక్కో వేలితో కొట్టేవాడు. ముందు నోటుబుక్కులో రాసి తర్వాత ఎక్కించేవాడు, చేయి అలవాటయ్యాక పుస్తకం మానేసి నేరుగా కొట్టడం మొదలెట్టాడు. నాలుగేళ్లు.

ఒక నవంబరు వానలో కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, చివరికి బల్బులన్నీ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. న్యూట్రల్ తెగిందని తర్వాత లైన్‌మన్ చెప్పాడు. టీవీకి స్టెబిలైజర్ ఉంది, ఫ్రిజ్‌కి ఉంది, రెండూ బతికాయి. కంప్యూటర్ వెనకనుంచి ఠప్పున చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. పోయింది ఎస్ఎంపిఎస్ ఒక్కటే అయితే నాలుగైదు వందల్లో అయిపోను. అది పోతూ బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ తీసుకుపోయింది. రిపేరతను విప్పి చేతిలో పెట్టినప్పుడు నాన్న అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత తేలిగ్గా ఉందేందిరా" అన్నాడు. ఇవాళ ఆ అట్టపెట్టె నా చేతిలో పెట్టినప్పుడు నాకు వినబడింది ఆ మాటే.

నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది. 'చ' దగ్గర ఆగిపోతుంది.

ఇంత రాశాక ఒకటి తట్టింది. నాన్న కంప్యూటర్లో ర్యామ్‌కి రెండో స్లాట్ ఖాళీగా ఉండేది. వచ్చే ఏడు ఇంకో 256 వేద్దాం, వచ్చే ఏడు వేద్దాం అంటూనే ఉన్నాడు. మా ఇంట్లో ఎవరమైనా కొన్న వస్తువును మధ్యలో విప్పి పెంచుకున్నామా? ఫ్రిజ్ పదహారేళ్లు అలాగే వాడాం. చిన్నోడు మూడేళ్ల తర్వాత చిప్పు మారుస్తాడని నేను పట్టిన పట్టుకు ఆధారమేముంది? ఇల్లు వేరు, ఇది వేరు. పైగా 2025 చివర్నుంచి మెమరీ అంతా ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోతుంటే ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. కొటేషన్లో రెండు ర్యామ్‌లకూ మధ్య తేడా చూస్తే, అందులోనే మంచి ఎస్ఎంపిఎస్ వచ్చేస్తుంది. వాడు ఆడే వాలరెంట్ ఆట ఏ లిస్టుతోనైనా పరిగెడుతుంది, రేపు పెద్ద ఆటలకు 16 జీబీ కార్డే నిలుస్తుంది. షాపతను మర్యాద లేకుండా చెప్పినంత మాత్రాన చెప్పింది తప్పయిపోదు.

కాబట్టి రెండో లిస్టే. వాళ్ల దగ్గర మాత్రం కాదు. ఆ అద్దాల క్యాబినెట్ కూడా వద్దు. పై గది శ్లాబు కింద మే నెలలో మనుషులే ఉడికిపోతాం, గాలి ఆడని అద్దం వెనక ఆ కార్డు ఏమైపోతుంది! ముందు జాలీ ఉన్నది, లైట్లు లేనిది చాలు. వాడు అలుగుతాడు. అలగనీ. రేపు నోటుబుక్కు తీసి చూపిస్తాను.

ఇంకో సంగతి. మంచి ఎస్ఎంపిఎస్ పెట్టినా ఎర్త్ సరిగా లేకపోతే క్యాబినెట్ తాకితే చిరచిరమంటుంది. ఆ వాన తర్వాత నాన్న పెరట్లో గొయ్యి తవ్వించి బొగ్గు, ఉప్పు వేయించి కొత్తగా ఎర్త్ పెట్టించాడు. ఎండాకాలం రోజూ సాయంత్రం ఒక బకెట్ నీళ్లు పోసేవాడు. హోల్డరుకు రెండు వైర్లు కట్టిన వంద వాట్ల బల్బు ఒకటి ఉండేది, దాన్ని ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టి, న్యూట్రల్‌తో వెలిగినంత వెలుగు వస్తుందా అని చూసేవాడు. నన్ను దూరంగా నిలబెట్టేవాడు. నాన్న పోయాక ఆ గొయ్యి సంగతి ఎవరం పట్టించుకున్నాం?

ఇది టైపు చేస్తూ మధ్యలో లేచి టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లొచ్చాను. కరివేపాకు చెట్టు కింద ఇటుకల వరస సగం మట్టిలో కూరుకుపోయింది, మీద విరిగిన బట్టల రాయి. రాయి పక్కకు జరిపితే లోపల పైపు మూతి కనబడింది, మట్టి బీటలు బారి ఉంది. బకెట్ నీళ్లు పోశాను. పోసినవి పోసినట్టు గుటకలేసినట్టు దిగిపోయాయి. ఇంకో బకెట్ పట్టాను.

"అమ్మా, పదకొండున్నరకి చెట్లకు నీళ్లేంటి?" అన్నాడు చిన్నోడు పైనుంచి.

కిందికి రమ్మన్నాను.