బేసు మీద ఇసుకకు ఏ జిగురు?

మినియేచర్ బొమ్మల బేసులకు, అంటే బొమ్మ నిలబడే చిన్న పీటలకు, నేలలా కనిపించేలా ఇసుక అంటించడానికి వడ్రంగులు వాడే తెల్ల జిగురును మించింది లేదు. మా మేనల్లుడికి ఇది ఒక పట్టాన నచ్చలేదు. వాడు పెరంబూరులో ఉంటాడు, కాలేజీలో చదువుతున్నాడు, ఈ మధ్యే 28 మిల్లీమీటర్ల బొమ్మలకు రంగులు వేయడం మొదలుపెట్టాడు. "అత్తా, ఫెవిక్విక్ క్షణంలో పట్టేస్తుంది కదా, రాత్రంతా ఆరబెట్టే జిగురు ఎందుకు?" అని ఫోనులో అడిగాడు. అప్పటికి చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. చెన్నై గాలిలో ఈ పని చేసే మరికొందరికి కూడా పనికి రావచ్చు.

నేను దంతాల ల్యాబులో టెక్నీషియన్‌ని. కట్టుడు పళ్ల కోసం రోజూ అక్రిలిక్ పొడిని ద్రవంతో కలుపుతుంటాను. ఏ పదార్థం చేతికొచ్చినా మేము ముందు చూసేది దాని బలం కాదు, కలిపిన తరువాత అది ఎంతసేపు మన మాట వింటుందన్నది. ఇసుక విషయంలోనూ నేను అక్కడినుంచే మొదలుపెడతాను. 25 లేదా 32 మిల్లీమీటర్ల బేసు మీద, బొమ్మ పాదాలకు తగలకుండా, అంచు దాటి కారకుండా జిగురు పరచాలి. దానికి కొన్ని నిమిషాలు కావాలి. తెల్ల జిగురు ఆ నిమిషాలను ఇస్తుంది. ఫెవిక్విక్ ఇవ్వదు.

ఎందుకు ఇవ్వదో తెలుసుకోవడం మంచిది. ఫెవిక్విక్ లాంటివి సైనోఅక్రిలేట్ జిగురులు. అవి ఆరడం వల్ల గట్టిపడవు. ఏ వస్తువు మీదనైనా కంటికి కనిపించని పలుచని తేమ పొర ఉంటుంది, ఆ తేమ తగలగానే వాటి అణువులు గొలుసులుగా కలిసిపోతాయి. ఇసుక అంటే వేల గింజలు, ప్రతి గింజ చుట్టూ ఆ తేమ ఉంటుంది. అందుకే ఇసుక చల్లిన మరుక్షణమే జిగురు ముద్దకట్టి, కొన్నిచోట్ల మందంగా, కొన్నిచోట్ల ఖాళీగా మిగులుతుంది. దీనికి తోడు, గట్టిపడేలోపు లేచిన ఆవిరి చుట్టుపక్కల తెల్లని పొరలా దిగుతుంది. గాలిలో తేమ ఎక్కువైన కొద్దీ ఆ మసక పెరుగుతుంది. మన ఊళ్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానల్లో గాలి ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. రంగు వేసిన బొమ్మ బూట్ల మీద, పంచె అంచుల మీద ఆ తెల్లని మసక పడితే తుడిచినా పోదు.

ఇంకొక హెచ్చరిక. మా వాడు ఆ జిగురును చెవిలో పెట్టుకునే దూది పుల్లతో పూయబోయాడు. అలా ఎప్పుడూ చేయకూడదు. దూది, నూలుబట్ట సైనోఅక్రిలేట్‌ను పీల్చుకుంటే చర్య చాలా వేగంగా జరిగి వేడి పుడుతుంది, వేలు కాలేంత వేడి.

తెల్ల జిగురు స్వభావం వేరు. ఇది పాలీవినైల్ అసిటేట్. నీళ్లలో తేలే సన్నని ప్లాస్టిక్ రేణువులే పాలలాంటి ఆ తెల్లదనానికి కారణం. నీరు ఆవిరై, కొంత బేసులోకి ఇంకి పోయాక ఆ రేణువులు ఒకదానికొకటి ఒత్తుకుని పారదర్శకమైన పొర అవుతాయి. ఆరిందో లేదో చూడడానికి ఇది మంచి గుర్తు: అంచుల్లో తెలుపు కనిపించినంతకాలం ముట్టుకోవద్దు. ఫెవికాల్ 1959 నుంచి మన దేశంలో ఉంది, ఏ హార్డ్‌వేర్ కొట్లో అడిగినా దొరుకుతుంది. వడ్రంగులు వాడే ఎస్‌హెచ్ చిక్కగా ఉంటుంది, పిల్లల క్రాఫ్టు పనులకు అమ్మే ఎమ్‌ఆర్ కాస్త పలుచన. నేను ఎస్‌హెచ్ కొని, రెండు వంతులకు ఒక వంతు నీళ్లు కలిపి చిక్కటి మీగడలా చేసుకుంటాను. ఎమ్‌ఆర్ అయితే నీళ్లు అక్కరలేదు. అంతకంటే పలుచన చేస్తే గింజల మధ్య మిగిలే ప్లాస్టిక్ తక్కువై పట్టు పోతుంది.

తెల్ల జిగురుకూ ఒక లోపం ఉంది. ఆరిన తరువాత కూడా నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. ఇసుక మీద ముదురు గోధుమరంగు వాష్, అంటే బాగా పలుచన చేసిన రంగు, పోస్తాం కదా, అది దాదాపు నీళ్లే. దాని కింద జిగురు నానుతుంది, కుంచె లాగేసరికి గింజలు కుంచెతో పాటు వచ్చేస్తాయి. "ఫెవికాల్ పట్టలేదు" అనేవాళ్ల ఫిర్యాదు చాలావరకు ఇదే. జిగురు పట్టింది, దానిమీద మూత వేయలేదు అంతే.

ఆ మూతే ఈ పనిలో అసలు మెట్టు. ఇసుక బాగా ఆరాక, ఒక వంతు జిగురుకు మూడు వంతుల నీళ్లు, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. సబ్బు లేకపోతే ఆ నీరు ఇసుక మీద ముత్యంలా నిలబడిపోతుంది. సబ్బు తలతన్యతను తగ్గిస్తే గింజల మధ్య సందుల్లోకి అదే దిగుతుంది. కుంచెతో రుద్దకూడదు. తడి కుంచె మొనను గింజలకు ఆనించి వదలాలి, నీరు తనంతట తానే పాకుతుంది. మళ్లీ పూర్తిగా ఆరాక, పైన రంగుకు ముందు వేసే పూత, ప్రైమర్. ఈ రెండు పొరలూ ఉంటే వాష్ వేసినా, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో, అంటే డ్రై బ్రష్‌తో గట్టిగా రుద్దినా ఒక్క గింజ కదలదు. ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి. పదేపదే చేతులు మారే ఆట బొమ్మలకు అవి మంచివే, కానీ ఈ మెట్టును వాటికి కూడా నేను వదలను. అక్కడ మూత పని గింజలను ఒకదానితో ఒకటి కట్టడం.

బేసు దేనితో చేశారో కూడా చూడాలి. నల్లటి పాలీస్టైరీన్ బేసు నున్నగా ఉంటుంది, నీరు ఇంకదు. గరుకు కాగితంతో పైభాగాన్ని నాలుగు గీతలు గీస్తే జిగురుకు పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ ముక్కలను కరిగించి అతికే సిమెంటు ఉంది కదా, దానితో ఇసుక అంటించేవాళ్లు ఉన్నారు. అది కింది వరుస గింజలను బాగానే పట్టుకుంటుంది, పై వరుసకు దాని కరిగించే గుణం అందదు. రెసిన్ బేసు అయితే అసలు పనిచేయదు. ఎమ్‌డీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) నీళ్లు పీల్చి వంగుతుంది, కింది వైపు కూడా పలుచగా జిగురు పూస్తే రెండు వైపులా సమంగా ఆరి చదునుగా ఉంటుంది.

ఇక ఇసుక. తిరువాన్మియూరు తీరం పక్కనే ఉంది కాబట్టి గుప్పెడు తెచ్చుకుందామనిపిస్తుంది. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, ఆరాక రంగు మీద తెల్లగా పైకి తేలుతుంది. అలల్లో దొర్లిన గింజలు గుండ్రంగా ఉంటాయి, జిగురుకు వాటి మీద పట్టు తక్కువ. నాకు నచ్చింది ఎమ్‌శాండ్, రాయి నలగ్గొట్టి చేసే ఇసుక. కోసుగా ఉంటుంది, జిగురులో గుచ్చుకుని నిలబడుతుంది, చూడడానికి విరిగిన రాయిలాగే ఉంటుంది. మా వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీగారిని అడిగితే ఒక డబ్బా నిండా ఇచ్చారు. దాన్ని కడిగి, దుమ్ము వదిలించి, ఎండబెట్టి, టీ జల్లెడలో పట్టాను. దుమ్ము ఉంటే జిగురు దుమ్మునే పట్టుకుంటుంది, గింజను కాదు.

జల్లెడ పట్టడం ఎందుకంటే కొలత కోసం. 28 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషి కంటే దాదాపు అరవై రెట్లు చిన్నది అనుకుంటే, ఒక మిల్లీమీటరు గింజ ఆ బొమ్మ కళ్లకు ఆరు సెంటీమీటర్ల రాయి. అంతా ఒకే సైజు గింజలైతే నేల కంకర పరిచినట్టు అసహజంగా ఉంటుంది. సన్నవి ఎక్కువ, మధ్యరకం కొద్దిగా, పెద్దవి రెండో మూడో. ఆ పెద్ద రాళ్లు అంటించడానికి ఫెవిక్విక్ తెప్పించుకోవచ్చు. రంగులకు ముందే, కిటికీ తెరిచి, ఒక్కొక్క చుక్కతో రాళ్లను అతికించి, అవి గట్టిపడ్డాక మిగతా నేలంతా తెల్ల జిగురుతో నింపాలి. బరువైన రాయి అయితే రెండు గొట్టాల అరల్‌డైట్ ఇంకా నమ్మకం.

పెద్ద బేసులు, 60 మిల్లీమీటర్లు దాటినవి చేసేటప్పుడు నేను ఇసుక చల్లను. ఇసుక, ఫెవికాల్, కొంచెం గోధుమరంగు అక్రిలిక్ కలిపి ముద్ద చేసి, పాత ల్యాబు పరికరంతో పరుస్తాను. కొట్లో దొరికే విదేశీ టెక్స్చర్ పేస్టుల్లో ఉండేది ఇంచుమించు ఇదే, గింజ సన్నం తప్ప. ముద్దలోనే రంగు ఉంది కాబట్టి ఎక్కడైనా గింజ రాలినా తెల్లని మచ్చ పడదు. మా వాడు ఇప్పుడు గుర్రపు రౌతుల దళం కొన్నాడు, వాటి బేసులు పొడవు. వాటికి ఈ ముద్దే వాడమన్నాను, గుర్రం గిట్టలను బేసుకు ముందే గట్టిగా అతికించాక.