గుమ్మానికి ఒక్క నిలువు మార్చడానికి పదకొండు రోజులు

మా వీధి తలుపు నిన్న సాయంత్రం మళ్ళీ ఎక్కింది. మార్చింది ఒక్క చెక్క, పట్టింది పదకొండు రోజులు. అందులో నాలుగు రోజులు ఒక టింబర్ డిపో మింగేసింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

విశాఖ గోపాలపట్నంలో మాది నాన్న కట్టించిన ఇల్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెరట్లో కొబ్బరిచెట్టు పడింది, మేడ మీద ట్యాంకు ఎగిరిపోయింది. వీధి గుమ్మం మాత్రం కదల్లేదు. అలాంటిది మొన్న ఆషాఢంలో తలుపు కిర్రుమంటోందని పై బందు స్క్రూ బిగించబోతే, అది వేళ్ళతోనే ఊడి వచ్చేసింది. వెనకాలే పిండిలా పొట్టు రాలింది. వేలితో కొట్టి చూస్తే పైన రంగు, లోపల డొల్ల. గచ్చుకి ఆనిన చోట మొదలైన చెద పైబందు దాకా ఎక్కేసింది. గడప, పైన అడ్డం, గొళ్ళెం వైపు నిలువు గట్టిగానే ఉన్నాయి. బందుల వైపుదే పోయింది.

ఆషాఢంలో గుమ్మం జోలికి వెళ్ళొద్దన్నారు అత్తగారు. సరే, శ్రావణం దాకా ఆగాం. వడ్రంగి ఒక్క ఫోనుకే వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు. "కర్ర మీరు తెచ్చీయండి టీచరమ్మా. 5 బై 3 అంగుళాలు, పొడవు ఏడుంపావు అడుగులు" అనేసి వెళ్ళిపోయాడు.

నేను తెలుగు టీచర్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. గుడి ద్వారబంధంలో అటూ ఇటూ నిలబడే భాగాలని ద్వారశాఖలంటారని, ముఖలింగం తీసుకెళ్ళి మరీ పిల్లలకి చూపించినదాన్ని. ఆ మాట డిపోలో అంటే బాగుండదని, "ద్వారబంధం పక్క చెక్క కావాలండీ" అన్నాను.

"పక్క చెక్కా? మంచానికా?" అన్నాడు గల్లాపెట్టె ముందున్న పెద్దమనిషి. కర్రలు మోసే కుర్రాళ్ళు నవ్వారు.

"నిలువు కావాలా, అడ్డం కావాలా?"

నిలువు. సరే, ఆ మాట తెలిసింది.

"గాడి కొట్టించాలా?" తలుపు ఆనడానికి అంచు పొడుగునా తీసే గాడి అది. కొట్టించమన్నాను.

"కుడా, ఎడమా?"

"కుడి."

"లోపల నిలబడితే కుడా, బయట నిలబడితే కుడా?"

నోట మాట రాలేదు. కళ్ళు మూసుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాను. బయట నుంచి చూస్తే బందులు కుడివైపు. లోపలికెళ్ళి వెనక్కి తిరిగితే ఎడమవైపు. ఆ లెక్కలో తెలియకుండానే చేతులు కూడా తిప్పేస్తున్నానట. "ఇంట్లో మగాళ్ళెవరూ లేరా అమ్మా? సార్ని పంపండి" అన్నాడు. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుంటుందో కూడా తెలీదు. ఆ సంగతి అక్కడ చెప్పుకోలేక బస్సెక్కి వచ్చేశాను.

మర్నాడు గుమ్మం ఫోటోలు తీసుకుని వెళ్తే ఆయన లేడు. మూడో రోజు ఉన్నాడు, ఫోటో చూడలేదు; "ముందు మీ మేస్త్రీతో చెప్పించండి" అన్నాడు. మేస్త్రీ ఫోనెత్తలేదు. నాలుగో రోజు విసిగిపోయి, "బయట నుంచి కుడి, రాసుకోండి" అని గట్టిగానే అన్నాను. రాసుకున్నాడు. బిల్లు మాత్రం 8 అడుగులకి వేశాడు. ఏడుంపావు కర్ర ఉండదట. ఐదు మూళ్ళు పదిహేను, ఎనిమిదితో హెచ్చవేసి 144తో భాగిస్తే 0.83 ఘనపుటడుగులు. నాకు కావలసింది 0.76 కూడా లేదు. అక్కడే కాగితం మీద వేసి చూపించి, "డబ్బు తీసుకున్నారు కదా, మిగిలిన ముక్క ఇవ్వండి" అన్నాను. మొహం మాడ్చుకుని ఇచ్చాడు. డిపోకి వెళ్ళేవాళ్ళు ఈ ముక్క అడగడం మానకండి. దాన్నిప్పుడు తలుపుకి అడ్డుపెట్టుకుంటున్నాం.

అసలు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. కుడీ ఎడమల గొడవ చెబితే వడ్రంగి నవ్వాడు. "కుడేటి, ఎడమేటి టీచరమ్మా? తలకిందులు సేస్తే కుడిది ఎడమైపోదా?" నేను నమ్మలేదు. మా అమ్మాయి కంపాసు బాక్సులో రబ్బరు తీసి, ఒక అంచు పొడుగునా గాడిలా కోశాను. నిలబెట్టి చూశాను, కుడిది. కింది కొన పైకి తిప్పి చూశాను, ఎడమది. కొనలకీ బందులకీ కోతలు పడేదాకా ఆ కర్రకి కుడీ లేదు, ఎడమా లేదు. అంతమంది ముందు నన్ను నిలబెట్టి అడిగిన ప్రశ్నకి అర్థమే లేదన్నమాట! నలభయ్యేళ్ళుగా వ్యాపారం చేస్తున్నామని బోర్డు ఒకటి.

ఇంకో సంగతి: డిపోవాళ్ళు చెప్పే 5 బై 3 రంపం కొలత. చిత్రిక పట్టేసరికి పావంగుళం దాకా తగ్గుతుంది. మా పాతది కొలిస్తే సరిగ్గా ఆ తగ్గిన కొలతే. నున్నగా ఉన్న పాత చెక్కని కొలిచి అదే సైజు అడిగితే కొత్తది లోపలికి పోయి కూర్చుంటుంది.

బిగించడం ఒకటిన్నర రోజు. పాత నిలువుని మధ్యకి కోసి లాగేశాడు, చెద మందు కొట్టాడు, కొత్తదానికి గోడ వైపు తారు పూశాడు, మూడు ఇనప పట్టీలు గోడలోకి దింపి సిమెంటు కూరాడు. నిలువు సరిచూసే తూకం గుండు నేనే పట్టుకున్నాను. పైన దారానికీ చెక్కకీ అంగుళం, కింద అంగుళం మీద ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ. "సరిపోద్దమ్మా" అన్నాడు. సరిపోదన్నాను. మళ్ళీ కొట్టి సరిచేశాడు. తలుపు లేని ఆ రాత్రి గుమ్మానికి అడ్డంగా నవ్వారు మంచం వేసుకుని అత్తగారే పడుకున్నారు.

ఇంటినంబరు రేకు మళ్ళీ కొట్టించాను. తలుపు గొళ్ళెం దగ్గర కాస్త పట్టేస్తోంది. ఈ వానలకీ సముద్రపు గాలికీ కర్ర ఉబ్బిందట, సంక్రాంతి వెళ్ళేదాకా చిత్రిక పట్టొద్దన్నాడు. అంతదాకా మోకాలితో తోసుకోవడమే.