కొత్త నూనెలో పాత నూనె

గత సంక్రాంతికి మా ఇంట్లో వండిన జంతికలు మూడో వారానికే కనరు వాసన కొట్టాయి. పిండి అప్పుడే పట్టించినది, డబ్బా మూత గట్టిది, నూనె కూడా పండుగకు వారం ముందు గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ నూనె. ఆలోచించగా తప్పు నాదేనని తోచింది. క్యాను అడుగున మూడు నెలలుగా మిగిలి ఉన్న పావులీటరు నూనెను పారబొయ్యడానికి మనసొప్పక, దాని మీదనే కొత్త నూనె పోయించుకొచ్చాను. ఆ పాత నూనెకు అప్పటికి వాసనేమీ లేదు. నన్ను మోసగించింది సరిగ్గా ఆ సంగతే.

నూనె చెడటం మొదలైన చాలాకాలానికి గాని మన ముక్కుకు తెలియదు. నూనెలోని కొవ్వు ఆమ్లమంటే కార్బన్ల పొడవాటి గొలుసు. అందులో రెండు ద్విబంధాల (కార్బన్ల మధ్య జంట బంధాల) నడుమ చిక్కుకున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ పట్టు వదులుగా ఉంటుంది. వేడి వల్లనో, లోహపు జాడల వల్లనో అది ఊడితే అక్కడొక ఫ్రీ రాడికల్, అంటే జత తప్పిన ఎలక్ట్రాన్‌తో చురుగ్గా ఉండే ముక్క, మిగులుతుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని, పక్క అణువు నుంచి హైడ్రోజన్‌ను లాక్కొని, తాను హైడ్రోపెరాక్సైడ్‌గా కుదుటపడుతుంది. హైడ్రోజన్ పోగొట్టుకున్న ఆ పక్క అణువు ఇప్పుడు కొత్త రాడికల్ అయి మరొకదాని మీద పడుతుంది. హైడ్రోపెరాక్సైడ్‌కు రుచీ వాసనా లేవు. అది విరిగి హెక్సనల్ వంటి ఆల్డిహైడ్లు పుట్టినప్పుడే మనకు కనరు తెలుస్తుంది. ఈ చర్య నత్తనడకన సాగే తొలి దశను ప్రేరణ కాలం అంటారు. నూనెను కాపాడుకోవడమంటే ఆ కాలాన్ని పొడిగించడమే గాని, అది దాటిపోయిన నూనెను వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు. నేను చేసిన పని ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: హైడ్రోపెరాక్సైడ్లు పేరుకున్న నూనెను, పాలలో తోడు వేసినట్టు, కొత్త నూనెకు తోడు వేశాను.

అన్ని నూనెలూ ఒకే వేగంతో చెడవు. ఒకే ద్విబంధమున్న ఒలీయిక్ ఆమ్లంతో పోలిస్తే రెండున్న లినోలీయిక్ సుమారు 10 రెట్లు, మూడున్న లినోలెనిక్ సుమారు 20 రెట్లు వేగంగా ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. దాదాపు 90% ద్విబంధాలే లేని సంతృప్త కొవ్వులున్న కొబ్బరి నూనె అందుకే నిలుస్తుంది. సగానికి పైగా లినోలెనిక్ ఉన్న అవిసె నూనె గాలికి ఎండి పొరకడుతుంది కనుకనే రంగుల తయారీకి పనికొచ్చింది. ఆ నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే, ఆక్సీకరణ వేడి బయటికి పోయే దారిలేక వాటంతట అవే అంటుకోగలవు.

ఈ లెక్క ప్రకారం లినోలీయిక్ ఆమ్లం 40 శాతానికి అటూఇటూగా ఉన్న నువ్వుల నూనె త్వరగా చెడాలి. కాని మా కోస్తాలో పప్పునూనె అని పిలిచే ఆ నూనెతో కలిపిన ఆవకాయ ఏడాది పొడవునా కంచంలోకి వస్తూనే ఉంటుంది. నువ్వులలోని సెసమోలిన్ వేడి తగిలితే విరిగి సెసమోల్ అనే ఫినాల్‌ను ఇస్తుంది. ఫినాల్ తన హైడ్రోజన్‌ను రాడికల్‌కు అప్పగిస్తుంది. తర్వాత మిగిలే రాడికల్‌కు మరో కొవ్వు అణువు మీద పడేంత చురుకు ఉండదు కనుక ఒకదాని తర్వాత ఒకటిగా సాగే ఆ చర్య అక్కడ తెగుతుంది. విటమిన్ ఇ చేసేదీ, డబ్బా నూనెలలో కలిపే టీబీహెచ్‌క్యూ చేసేదీ ఇదే పని. అయితే ఈ కాపలాదారులు పని చేస్తూ ఖర్చయిపోతారు. వెన్న కాచేటప్పుడు మా అమ్మ వేసే తమలపాకులోనూ ఫినాల్స్ ఉన్నాయి. అమ్మ మాత్రం అది కమ్మదనానికే అంటుంది, నేను వాదించను.

ఇక లోహాలు. రాగి, ఇనుము లేశమాత్రంగా ఉన్నా హైడ్రోపెరాక్సైడ్లను విరగ్గొట్టి కొత్త రాడికల్స్‌ను పుట్టిస్తాయి, అందులో రాగి మరీ చురుకైనది. రాగి కలిసిన ఇత్తడి గిన్నెకు కళాయి పోతే అందులో నూనె నిలవ ఉంచకూడదనడానికి చిలుము ఒక్కటే కారణం కాదన్నమాట. వెలుతురుది వేరే దారి: గానుగ నూనెలో మిగిలిన పత్రహరితం కాంతిని పీల్చి ఆక్సిజన్‌ను ఉద్రిక్త స్థితికి తెస్తుంది, ఆ ఆక్సిజన్ ప్రేరణ కాలం కోసం ఆగకుండా నేరుగా ద్విబంధాల మీదికే వెళ్తుంది. పారదర్శకమైన సీసాను కిటికీ పక్కన పెట్టడం కన్నా పింగాణీ జాడీ ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది. వేడి సంగతి చెప్పనక్కరలేదు, పొయ్యి పక్క గట్టు నూనెకు చోటు కాదు.

వేపుడు నూనెది మరో కథ. వాడిన నూనెలో ధ్రువ పదార్థాలు (వేపుడులో నూనె విరిగి పుట్టే పదార్థాలు) 25% దాటితే ఇక వాడరాదని మన ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం లేదు కనుక, నురుగు తగ్గకపోయినా, నూనె చిక్కబడినా వదిలేస్తున్నాను. జంతికలు పీల్చుకున్న నూనె గుల్లగుల్లగా ఉన్న పిండిలో పలుచగా పరుచుకొని, ఎంతో ఎక్కువ మేర గాలికి తగులుతుంది. అందువల్ల సీసాలో నెలలు ఆగే నూనె కూడా జంతికలో వారాలే ఆగుతుంది.

ఈసారి క్యానును వేడినీళ్లతో, సబ్బుతో రుద్ది, చుక్క తేమ లేకుండా ఆరబెట్టిన తర్వాతే గానుగకు పట్టుకెళ్లాను. తెచ్చిన 5 లీటర్లను ముదురు రంగు లీటరు సీసాలలో మెడ దాకా నింపి, చీకటి అరలో పెట్టి, ఒకటి పూర్తిగా అయ్యాకే మరొకటి తెరుస్తున్నాను. అడుగున మిగిలిన పాత నూనెతో దీపం పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. పెరటి తలుపు బందులకు రాశాను. అది గాలికి మెల్లగా జిగటగా మారి, ఆ తలుపు మళ్లీ బిగుసుకుంటే నేనేమీ ఆశ్చర్యపోను.