మూడో పైపు

ఇవాళ బుధవారం. రెండో ఇడ్లీ తుంచేలోపే ఫోను. బెంగళూరు పీణ్య రెండో స్టేజిలోని ఆ షెడ్డులో 40 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సుకి నూనె మోసే రబ్బరు పైపు, అదే హోస్, మళ్లీ పగిలింది. అయిదు నెలల్లో మూడోసారి. "ఇక నాలుగు తీగల పైపు వేయించెయ్యండి సార్, ఈ తలనొప్పి నావల్ల కాదు" అన్నారు ఓనరు. ఆయనది నెల్లూరు వైపు. ఎంత కోపంలో ఉన్నా "అండి" మాత్రం వదలరు.

దాసరహళ్లి నుంచి స్కూటరు మీద పావుగంట దారి. జాలహళ్లి క్రాసు దాటేసరికే అరగంట పట్టింది.

వెళ్లేసరికి నేలంతా నూనె, దాని మీద రంపపుపొట్టు. పగిలిన పైపు విప్పి బల్ల మీద పెట్టి ఉంది. కొత్తది తెప్పించే ముందు పాతదాన్ని కాసేపు చేతిలో పట్టుకుని చూడటం నా అలవాటు. గత రెండుసార్లూ నేను ఊళ్లో లేను, చూడకుండానే మార్చేశారు. ఇది అర ఇంచి పైపు, లోపల రెండు వరసల ఉక్కు తీగల అల్లిక (వాడుకలో రెండు తీగలది), మీద దాని రకం 2ఎస్ఎన్ అని, తట్టుకునే ప్రెషర్ 275 బార్ అని అచ్చు. ప్రెషర్ మితిమీరకుండా ఆపే రిలీఫ్ వాల్వు సెట్ చేసింది 200 బార్‌కి. అంటే ప్రెషర్ లెక్క ప్రకారం తప్పు లేదు. కానీ పగిలింది మధ్యలో కాదు, సరిగ్గా ఫెర్రూలు (పైపు కొసన ఫిట్టింగుని నొక్కిపట్టే లోహపు తొడుగు) అంచున. అక్కడ రబ్బరు చీల్చి చూస్తే తీగలు ఒకవైపే తెగి ఉన్నాయి. తెగిన కొసలు కొన్ని తుప్పుపట్టి నల్లగా, కొన్ని ఇవాళే తెగినట్టు తళతళా ఉన్నాయి. అంటే ఇది పొద్దున జరిగిన పని కాదు, రోజుకు కొన్ని తీగల చొప్పున తెగుతూ వచ్చింది.

ప్రెస్సు వెనక్కి వెళ్లి టేపు పట్టాను. ఈ మూల నుంచి ఆ మూలకి పైపు బిగదీసి కట్టిన బట్టల తాడులా ఉండేదట. ప్రెషర్ ఎక్కినప్పుడు హోస్ పొడవు మారుతుంది. రెండు శాతం పెరగొచ్చు, నాలుగు శాతం తగ్గొచ్చు. మీటరు పైపు నాలుగు సెంటీమీటర్లు ముడుచుకోవాలంటే ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? ఫెర్రూలు దగ్గర పీక్కుంటుంది. దానికి తోడు ఫిట్టింగు దాటగానే వంపు. అక్కడ రెండు అంగుళాలైనా తిన్నగా వదలాలి.

ఇంతటితో ఆగి ఇంకో జానెడు పొడవు పైపు వేసేసేవాణ్ణే. కానీ సిలిండర్ పోర్టు చూస్తే ముప్పావు ఇంచి! ఎవరో రెడ్యూసర్ పెట్టి అర ఇంచికి దించారు. రెండో చివర, వాల్వు బ్లాకు వైపూ అంతే. ఏ అర్ధరాత్రో మిషన్ ఆగితే చేతికందిన పైపు తగిలించి ఉంటారు. తర్వాత అదే "ఒరిజినల్ సైజు" అయి కూర్చుంది.

టీ గ్లాసు పక్కన పెట్టుకుని అట్టముక్క మీద లెక్క వేశాను. పంపు నిమిషానికి 40 లీటర్లు ఇస్తుంది. అర ఇంచి పైపులో ఆ నూనె సెకనుకి 5.3 మీటర్లు పరుగెడుతుంది. ప్రెషర్ లైనుకి ఆరు దాకా ఫరవాలేదు. సైజులు చూసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, పంపు ఎంత ఇస్తే పైపులో అంతే అనుకుని. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 160 మిల్లీమీటర్లు, రాడ్డు 110. రామ్, అంటే ప్రెస్సులో కిందికి దిగి నొక్కే భాగం, పైకి లేచేటప్పుడు పంపు నూనె రాడ్డు చుట్టూ ఉన్న సన్న జాగాలోకి వెళ్తుంది, పిస్టన్ నిండు వైశాల్యం మీదున్న నూనె ఈ పైపులోంచే బయటికి రావాలి. లోపలికి 40 వెళ్తే బయటికి 76 వస్తుంది. అర ఇంచిలో అది సెకనుకి పది మీటర్లు. రామ్ లేచిన ప్రతిసారీ పైపు పాములా తుళ్లిందంటే తుళ్లదా! ముప్పావులో అయితే 4.4. నూనె వెనక్కి వచ్చే దారి విడిగా ఉంటే అందులో వేగం రెండు మూడు మీటర్లు దాటనిచ్చేవాణ్ణి కాదు. ఇక్కడ వెళ్లేదీ వచ్చేదీ ఒకే పైపు.

ఇక తీగల సంగతి. పైపు లావయ్యేకొద్దీ అదే అల్లిక తక్కువ ప్రెషర్ ఆపుతుంది. రెండు తీగలది అర ఇంచిలో 275 అయితే ముప్పావులో 215 మాత్రమే. రిలీఫ్ 200. వాల్వు మారినప్పుడు కొట్టే దెబ్బకి గేజి ముల్లే ఎగురుతోంది, ముల్లుకి అందని దెబ్బలు ఇంకెన్నో. పైపు పగిలేది రాసినదానికి నాలుగింతల దగ్గర కదా అని ఆ మార్జిన్‌ని వాడుకోవడం నాకు నచ్చదు. కాబట్టి ముప్పావులో 4ఎస్‌పీ, 350 బార్. ఓనరు అడిగిన నాలుగు తీగలే! ఆయన అర ఇంచిలో అడిగారు, అంతే తేడా. ఫోన్ చేసి చెబితే "నేను పొద్దున్నే చెప్పానా లేదా" అన్నారు. వాదించలేదు.

నాలుగు తీగలది మొండి ఘటం. 300 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే తక్కువలో వంచకూడదు, వెనకాల అంత జాగా లేదు. అందుకే ఒక చివర తొంభై డిగ్రీల ఎల్బో ఫిట్టింగు రాసుకున్నాను.

హోస్ షాపులో క్రింపింగు (ఫెర్రూలుని పైపు మీద నొక్కే) మిషన్ దగ్గరుండే అన్న ఊరు మదనపల్లె. నేను తీసుకెళ్లిన నిపుల్ (మరలున్న ఫిట్టింగు) చూసి "ఎం26 సార్, చూస్తేనే తెలుస్తాంది" అన్నాడు. అంటే 26 మిల్లీమీటర్ల మెట్రిక్ మర. కాలిపర్ పెడితే 26.4. గేజి పెడితే ఇంచికి 14 మరలు. అది ముప్పావు బీఎస్‌పీ, అంటే ఇంచుల లెక్కలో ఉండే బ్రిటిష్ పైపు మర. ఎం26 నట్టు బిగిస్తే ఒకటి రెండు మరలు పట్టినట్టే పట్టి మోసం చేస్తుంది. "తప్పేం లేదన్నా, రోజుకి వంద చూస్తావు" అన్నాను. కోసిన పైపులో గాలి కొట్టించి, నాలుగు తీగలకి సరిపోయే ఫెర్రూలే అని చూసి, క్రింపు కొలత కూడా నేనే తీశాను. కాస్త నసగాణ్ణని అతనికి తెలుసు.

బిగించేటప్పుడు పైపు మీది అచ్చుగీత మెలి తిరగకుండా రెండో స్పానర్‌తో ఆపాలి. ట్రయల్‌లో హెల్పర్ కుర్రాడు, పాపం హిందూపురం నుంచి వచ్చి ఆర్నెల్లు కాలేదు, లీకు ఉందేమోనని చెయ్యి పెట్టి తడమబోయాడు. గట్టిగా అరిచాను. సూదిబెజ్జంలోంచి 200 బార్ నూనె చర్మంలోకి ఇంజెక్షన్‌లా దిగిపోతుంది. పైకి దోమకాటంత కనపడుతుంది, లోపల చెయ్యి పాడవుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. లెక్కలు వేసిన అట్టముక్కనే వాడి చేతికిచ్చి పైపు పొడవునా తిప్పమన్నాను. మరక పడలేదు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిది. చొక్కా జేబు కింద నూనె మరక చూసి మా ఆవిడ "ఇది మూడో చొక్కా" అంది. పైపు కూడా మూడోదేనన్నాను. నవ్వకుండా బకెట్టు చూపించింది.